శిలాశాసనాన్నీ ప్రశ్నించాలి

ఓరుగల్లు 1323లో పతనమైంది. ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి, బస్తరు అరణ్యసీమలో కొత్త రాజ్యం నెలకొల్పాడు. తెలుగునాట ఈ కథ విన్నవారు చాలామందే ఉన్నారు. జగదల్పూరులో 2008లో బస్తరు విశ్వవిద్యాలయంగా ప్రారంభమై, నేడు షహీద్ మహేంద్ర కర్మ పేరు ధరించిన విద్యాపీఠంలో ఒక విద్యార్థి ఈ మాటలే తన వ్యాసంలో వ్రాశాడనుకుందాం. గురువు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "ఈ సంగతి నీకెలా తెలిసింది?"

ఆ ప్రశ్నకు జవాబు వెదకడమే పరిశోధనకు ఓనమాలు. విద్యార్థి ఒక పుస్తకం చూపుతాడు. ఆ పుస్తకం మరొక పుస్తకాన్ని చూపుతుంది. అలా తీగ లాగుతూ పోతే దంతెవాడ దంతేశ్వరి ఆలయ శాసనం కనిపిస్తుంది. దానిని దిక్పాలదేవుని కాలంలో, 1703లో, రాజగురువు భగవాన్ మిశ్ర రచించాడు. ఓరుగల్లు పతనానికీ ఈ రచనకూ నడుమ 380 ఏళ్ళు గడిచాయి. వ్రాసినవాడు రాజాశ్రితుడు. అందులో రాజవంశం అర్జునుని సంతతిగా వర్ణితమైంది.

అంతమాత్రాన అన్నమదేవుని కథ కల్ల అనరాదు. 1703 నాటి రాజకుటుంబం తన పుట్టుక గురించి ఏమి చెప్పుకొన్నదో ఆ శిల నిస్సందేహంగా తెలుపుతుంది. 1323 తరువాత నిజంగా ఏమి జరిగిందో చెప్పడానికి మాత్రం దానికి తోడు సాక్ష్యం కావాలి.

బార్సూరులో దొరికిన తెలుగు శాసనం ఇందుకు భిన్నమైనది. నాగవంశీయుడైన జగదేకభూషణుని కాలంలో, 1060 ప్రాంతంలో, అతని సామంతుడు చంద్రాదిత్యుడు కట్టించిన శివాలయం గురించి అది చెబుతుంది. సంఘటన జరిగిన కాలంలోనే పుట్టిన సాక్ష్యమిది. తెలుగు భాష అన్నమదేవుని వెంటనే బస్తరులో అడుగు పెట్టిందన్న ఊహ ఈ ఒక్క రాతితో తొలగిపోతుంది.

ఎవరు వ్రాశారు? ఎప్పుడు వ్రాశారు? ఎవరి కోసం? చూసి వ్రాశారా, విని వ్రాశారా? ఈ ప్రశ్నలు వేయగల నేర్పునే సమాచార అక్షరాస్యత అంటున్నారు. 1974లో అమెరికాకు చెందిన పాల్ జుర్కౌస్కీ ఈ పదాన్ని ప్రయోగించాడు. మన దేశంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2019లో పిహెచ్.డి. విద్యార్థులకు పరిశోధన, ప్రచురణ నైతికతపై 30 గంటల పాఠ్యాంశాన్ని తప్పనిసరి చేసింది. "శోధగంగ" ద్వారా దేశంలోని సిద్ధాంత వ్యాసాలెన్నో నేడు జగదల్పూరులోనే కూర్చుని చదువుకోవచ్చు. దూరం ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. ఒకే వాక్యాన్ని పదిమంది ఎత్తివ్రాస్తే పది సాక్ష్యాలు కావని గ్రహించడమే కష్టం.

బస్తరుకు ఈ విద్య మరీ అవసరం. ఆ సీమను గురించి చిరకాలం ఇతరులే వ్రాశారు. మాడియాల గురించి 1938లో గ్రిగ్సన్, మురియాల గురించి 1947లో వెరియర్ ఎల్విన్ గొప్ప గ్రంథాలు వెలువరించారు. 1910 నాటి భూమ్‌కాల్ తిరుగుబాటు ప్రభుత్వ దస్తరాలలో ఒక తీరుగా, గుండాధుర్‌ను వీరుడిగా తలచే ప్రజల నోట మరొక తీరుగా నిలిచింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచగల యువకులు అక్కడి గోండీ, హల్బీ ఇళ్ళలోంచే రావాలి.

దంతెవాడలో రెండవ శిల కూడా ఉంది. కలియుగంలో సంస్కృతం చదవగలవారు కొద్దిమందే ఉంటారని, అదే విషయాన్ని దానిపై దేశభాషలో వ్రాయించారు. ఆనాటి కొరత చదివేవారు. చదివిన పిమ్మట ప్రశ్నించేవారిని తయారుచేయడం నేటి విశ్వవిద్యాలయాల బాధ్యత.