వాచ్‌లో 98 శాతం, రిపోర్ట్‌లో 9.6

మా పెదనాన్న కూతురిది కొన్ని నెలలుగా ఒకటే మాట: "రెండంతస్తులు ఎక్కితే చాలురా, ఆయాసం వస్తోంది." రివ్యూ కోసం వాడుతున్న స్మార్ట్‌వాచ్ నా చేతికే ఉంది. తీసి అక్క చేతికి పెట్టి ఎస్‌పీఓ2 నొక్కాను. 98 శాతం. "నీకేం లేదక్కా, కాస్త జిమ్‌కి వెళ్లు" అని ఓ ఉచిత సలహా కూడా పడేశా. నెల తిరక్కుండానే బ్లడ్ టెస్ట్‌లో హిమోగ్లోబిన్ 9.6 అని వచ్చింది. ఆడవాళ్లకి కనీసం 12 ఉండాలి.

వాచ్ చెప్పింది కరెక్టే. నేను చదివిన పద్ధతే తప్పు.

వాచ్ వెనకాల ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు ఉంటాయి కదా. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్ ఈ రెండు కాంతుల్నీ ఒకలా పీల్చుకుంటుంది, ఖాళీగా ఉన్నది ఇంకోలా. ఆ తేడాని బట్టి ఎంత శాతం నిండిందో వాచ్ లెక్కేస్తుంది. అంతే, శాతం మాత్రమే. మన భాషలో చెప్పాలంటే బ్యాటరీ 98 శాతం అని చూపిస్తుంది గానీ, అది 5000 ఎంఏహెచ్ బ్యాటరీయా, 3000దా అన్నది చెప్పదు. అక్కది చిన్న బ్యాటరీ, కాకపోతే ఫుల్ ఛార్జ్!

ఇంకో మాట. వాచ్ రివ్యూల్లో మనమంతా ఊపిరి బిగబట్టి ఎస్‌పీఓ2 టెస్ట్ చేస్తుంటాం. ఛాతీ పగిలిపోతున్నట్టుంటుంది, నంబర్ మాత్రం 97 దగ్గరే కూర్చుంటుంది. ఎందుకంటే ఆ ఆరాటం మొదట పుట్టేది ఆక్సిజన్ తగ్గి కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరిగి. అది నీటితో కలిసి రక్తాన్ని ఆమ్లం వైపు లాగుతుంది. బైకార్బొనేట్, హిమోగ్లోబిన్ ఆ ఆమ్లాన్ని సర్దేసి పీహెచ్‌ని 7.35, 7.45 మధ్య నిలబెడతాయి. ఈ గొడవంతా వాచ్‌కి అసలు కనబడదు.

సరే, అక్క దగ్గరికొద్దాం. ఒక క్లినిక్‌లో ఐరన్ మాత్రలిచ్చారు. నాలుగు నెలలు మింగినా నంబర్ కదల్లేదు. అప్పుడు పాత రిపోర్ట్ తీసి చూశాను. ఎంసీవీ, అంటే ఎర్ర కణం సగటు సైజు, 62. మామూలుగా 80 పైన ఉండాలి. కణాల లెక్క మాత్రం 5.6 మిలియన్లు. కణాలు చిన్నవి, కానీ బోలెడున్నాయి. 62ని 5.6తో భాగిస్తే 11. ఇది 13 కంటే తక్కువైతే తలసీమియా క్యారియర్ అయి ఉండొచ్చని డాక్టర్లు అనుమానిస్తారు. అనుమానమే, ఖాయం చేసేది కాదు. వేరే డాక్టర్ ఫెరిటిన్, హెచ్‌పీఎల్‌సీ రెండూ రాశారు. ఫెరిటిన్ బాగానే ఉంది, ఐరన్ లోటు లేదు. హెచ్‌బీ ఏ2 మాత్రం 5.2 శాతం, 3.5 దాటితేనే బీటా తలసీమియా క్యారియర్ అని అనుకుంటారు. ఐరన్ మాత్రలు ఆపేయమన్నారు.

క్యారియర్‌గా ఉంటే మామూలుగా పెద్ద ఇబ్బందేం ఉండదు. చిక్కు వేరే చోట ఉంది: అక్కకి సంబంధం కుదిరింది. అబ్బాయి కూడా క్యారియర్ అయితే, పుట్టే ప్రతి బిడ్డకీ తలసీమియా మేజర్ వచ్చే అవకాశం 25 శాతం. అంటే కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటూ బతకడం. పెదనాన్న "ఇప్పుడివన్నీ వాళ్లకెందుకు చెప్పడం" అన్నారు. అక్క మాత్రం తనే ఫోన్ చేసి అబ్బాయికి చెప్పేసింది.

మొన్న ఆయన బ్లడ్ ఇచ్చొచ్చారు. రిపోర్ట్ సోమవారం వస్తుందట. అక్క ఫోన్‌లో ల్యాబ్ యాప్ నోటిఫికేషన్లు ఆన్ చేసి పెట్టాను.