పడవల ప్రదర్శనలో మేము నేర్చుకున్న వేట

వ్యవసాయ కూలీ సంఘం వాళ్ళకు సముద్రంతో ఏం పని అని మమ్మల్ని అడిగినవాళ్ళున్నారు. భీమిలి నుంచి పైకి శ్రీకాకుళం దాకా తీరం ఊళ్ళలో నాలుగు రోజులు తిరిగినవాళ్ళెవరూ ఆ ప్రశ్న వెయ్యరు. ఊడ్పులూ కోతలూ లేని రోజుల్లో మా కూలీలు పెద్దవల లాగడానికి పోతారు. ఒడ్డున రెండు జట్లుగా నిలబడి, తెల్లారగట్ల నుంచి ఎండ నెత్తికెక్కేదాకా తాళ్ళు లాగితే, పడ్డదాన్ని బట్టి కాసిని చేపలో, కొంచెం డబ్బో. వేట లేని రోజుల్లో పేటల్లోంచి వాళ్ళు మన చేలకూ, ఇటుక బట్టీలకూ వస్తారు. అయినా వాళ్ళ పని గురించి మాకు తెలిసింది దాదాపు శూన్యం. వరి నాటడం తెలియనివాడు నాటు కూలి రేటు గురించి మాట్లాడితే మన ఆడకూలీలు నవ్వుతారు. వల కట్టడం తెలియకుండా పేటకు పోయి ఉపన్యాసం చెబితే అదే జరుగుతుంది. జరిగింది కూడా.

అందుకని మొన్న మార్చిలో విశాఖలో పడవల ప్రదర్శన పెట్టి, తీరం దగ్గర చేసే వేట మీద రెండు రోజులు పాఠాలు చెబుతారని తెలిసి, మేము నలుగురం బయలుదేరాం. మాకు తెలిసిన పేట నుంచి ఒక పెద్దాయనా, ఆయన మనవడూ, ఇంకో ఆరుగురు వేటగాళ్ళూ వచ్చారు.

ప్రదర్శన సంగతి క్లుప్తంగా చెబుతాం. తెల్లగా మెరిసే ఫైబర్ పడవలు, పెళ్ళికొడుకుల్లా నిలబెట్టిన ఇంజన్లు, ఒక్కోదాని ముందు ధర రాసిన అట్ట. ఆ అట్టలు చదివి మా వాళ్ళు వెనక్కి జరిగారు. కోటూ బూటూ వేసుకున్నవాళ్ళు కొందరు సరదాకి చేపలు పట్టే గాలపుకర్రలు తిప్పి చూస్తున్నారు. పాఠాలు మాత్రం వెనకాల గుడారంలో. అక్కడ కుర్చీలు చాలక వేటగాళ్ళు నేల మీద కూచున్నారు. మేమూ కూచున్నాం.

పాఠం చెప్పిన మాస్టారు మంచివాడు. తెలిసినవాడు. మొదటి పూట పొరల్లేని మామూలు వల గురించి చెప్పాడు. మనం అనుకుంటాం, వల అంటే అడ్డం కట్టే తెర, చేప వచ్చి పడుతుంది అని. అది కాదట. వల కన్ను చేప తలకు పట్టాలి, ఒంటికి పట్టకూడదు. తల దూర్చిన చేప ముందుకు పోలేదు. వెనక్కి తగ్గితే దారం చెవుల దగ్గర చిక్కుతుంది. కన్ను మరీ పెద్దదైతే చేప దాటిపోతుంది. చిన్నదైతే పెద్ద చేప ముక్కు తగిలించుకుని తిరిగిపోతుంది, పిల్లచేపలు మాత్రం చచ్చిపోతాయి. కవళ్ళకొక కన్ను, కానాగంతలకొక కన్ను, వంజరానికి ఇంకొకటి. ఒకే వలతో అన్నీ పడతాయని అమ్మేవాడి మాట నమ్మకండి అన్నాడు.

రెండోది, వల తాడుకు కట్టే లెక్క. సాగదీస్తే 100 మీటర్లుండే వలను ఇంచుమించు 50 మీటర్ల తాడుకు ముడులు వేస్తూ కట్టాలి. అప్పుడే కన్ను తెరుచుకుంటుంది. పైతాడుకు బెండ్లు, కిందితాడుకు సీసం గుళ్ళు. గుళ్ళు ఎక్కువైతే వల అడుగుకు కూచుంటుంది, బెండ్లు ఎక్కువైతే పైకి తేలుతుంది. ఏ చేప ఏ నీళ్ళలో తిరుగుతుందో దాన్నిబట్టి ఈ రెంటినీ తూచాలి. సరుకు మిగల్చాలని వలను బిగించి కడితే కన్ను మూసుకుపోయి, అది ఉత్త గోడ అవుతుంది. ఇది చెబుతుంటే పెద్దాయన తల ఊపుతూ, “మా అయ్య ఇదే సెప్పేవోడు. జానతో కొలిసేవోడు,” అన్నాడు. ఒకప్పుడు నూలు వలలు. చెట్టు చెక్క కషాయం పట్టించి ఆరబెట్టకపోతే కుళ్ళిపోయేవి. నైలాను కుళ్ళదు. తెగి పోయిన వల అడుగునే ఉండి, తీసేవాడు లేకుండా చేపల్ని చంపుతూనే ఉంటుంది. మాస్టారు ఈ మాట చెప్పాడు గాని, దాని మీద ఎక్కువసేపు నిలబడలేదు.

ఐసు లెక్క కూడా చెప్పాలి, అది కూలికి సంబంధించినది గనక. మన ఎండకు కిలో చేపకు కిలో ఐసు వెయ్యాలి. వెయ్యకపోతే ఒడ్డుకొచ్చేసరికి సగం ధర. ఐసు కొనే డబ్బు లేక వెయ్యనివాడే ఎక్కువ నష్టపోతాడు. చేలో పురుగు మందు అప్పుకు తెచ్చుకునేవాడి కథ ఇదే కదా అని మాలో ఒకామె అన్నది.

మధ్యాహ్నం ఆకాశం సంగతి. హైదరాబాదులో సముద్రం గురించి లెక్కలు కట్టే ఒక కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఇన్‌కాయిస్ అంటారు, 1999లో పెట్టారు. సముద్రం లేని ఊళ్ళో సముద్రం ఆఫీసు ఏమిటని మేము నవ్వుకున్నాం. ఉపగ్రహం మీదనుంచి నీళ్ళ వేడినీ, నీళ్ళలోని పచ్చదనాన్నీ కొలుస్తారు. ఆ పచ్చదనం కంటికి కనపడనంత సన్నని నాచు. దాన్ని తినే పురుగులు, ఆ పురుగుల్ని తినే చిన్నచేపలు, వాటి వెంట పెద్దచేపలు. చల్లనీళ్ళూ వేడినీళ్ళూ కలిసే గీత దగ్గర ఇవన్నీ పోగవుతాయి. ఆ గీత ఎక్కడుందో ఒడ్డునుంచి ఇంత దూరం, ఇంత లోతు అని తెలుగులో కూడా కబురు పంపుతారు. పెద్దాయన మాత్రం దీనికి ఆశ్చర్యపడలేదు. నీళ్ళ రంగు మారే గీత, దాని మీద తిరిగే పిట్టలు, తేలే నురగ – వాళ్ళు చూసుకునేవీ అవే. అమావాస్య రాత్రుల్లో చేపల గుంపు కదిలితే నీళ్ళు మెరుస్తాయి, ఆ మెరుపు సాగిన తీరును బట్టి కవళ్ళో కాదో చెబుతారు. తేడా ఏమిటంటే పిట్టను చూడాలంటే అక్కడిదాకా పోవాలి. పోవడానికి నూనె ఖర్చు. కబురు వస్తే ఆ ఖర్చు తగ్గుతుంది. మేము మిషన్లకు విరోధులం కాము. తుపాను కబురు ముందుగా అంది ఎంతమంది ప్రాణాలు దక్కాయో తీరం వాళ్ళను అడగండి.

రెండోరోజు జరిగినదాని కోసమే ఇది రాస్తున్నాం. చేతిలో పట్టే చిన్న మిషను ఒకటి చూపించారు, జి.పి.ఎస్. నువ్వెక్కడున్నావో అంకెల్లో చెబుతుంది. ఒకచోట గుర్తు పెట్టుకుంటే, చీకట్లోనైనా మంచులోనైనా మళ్ళీ అక్కడికే తీసుకుపోతుంది. మాస్టారు ఉత్సాహంగా, “మీకు తెలిసిన ఒక రాతి చోటు చెప్పండి తాతా, ఎక్కించి చూపిస్తాను,” అన్నాడు. గుడారం నిశ్శబ్దమైపోయింది. పెద్దాయన తల దించుకుని, “సెప్పను బాబూ,” అన్నాడు. మాస్టారికి అర్థం కాలేదు. మళ్ళీ అడిగాడు. “మా అయ్య నాకు సూపించినాడు. నాను మా గుంటడికి సూపిస్తన్నాను. ఆ మిసన్ల ఎడితే రేపొద్దున నలపై బోట్లొస్తాయి. ఏటి మిగుల్తాది?”

ఆ చోట్లు ఏమిటో తెలుసుకోవడానికి మర్నాడు తెల్లవారుజామున ఆయన ఫైబర్ తెప్ప మీద పోయాం. మాలో ఇద్దరమే ఎక్కాం. ఒకరికి అల దాటకముందే వాంతులు. అది ఎవరికన్నది అడగవద్దు. అల దాటించడమే ఒక విద్య. పెద్ద అలలు కొన్ని వరసగా వచ్చాక కొంచెం తెరిపి ఉంటుంది. ఆ తెరిపి కోసం తెప్పను పట్టుకుని నీళ్ళలో నిలబడి, ఆయన కేక వేసిన క్షణంలో అందరూ ఒక్కసారి తోసి ఎక్కాలి. లెక్క తప్పితే తెప్ప తిరగబడుతుంది.

లోపలికి పోయాక ఆయన సముద్రం వైపు చూడలేదు, ఒడ్డు వైపే చూశాడు. దగ్గరగా ఉన్న ఒక గుర్తు, దాని వెనక దూరంగా ఉన్న కొండ కొమ్ము – రెండూ ఒకదాని మీదికొకటి రావాలి. అది ఒక గీత. ఇంకో పక్క ఇంకో జత గుర్తులు, అది రెండో గీత. రెండు గీతలూ కలిసిన చోట అడుగున రాయి ఉంటుంది, రాయి దగ్గర గాలానికి చేప ఉంటుంది. భీమిలి పావురాళ్ళకొండ లాంటి కొండలు ఈ తీరంలో ఉండబట్టి ఈ విద్య సాగింది. ఏ చెట్టు, ఏ కొమ్ము అన్నది మేము రాయం. ఆయనకు మాట ఇచ్చాం. ఒకటి మాత్రం చెప్పవచ్చు: ఒక జతలో ముందుండే తాటిచెట్టును కొట్టేశారు. దాని చోట ఒక మేడ లేచింది. ఇప్పుడు ఆ మేడ మీది నీళ్ళ ట్యాంకు ఆయనకు తాటిచెట్టు!

చోటు వచ్చిందనుకున్నాక తాడుకు కట్టిన సీసం ముక్క దించాడు. దాని అడుగున సబ్బు పూసి ఉంది. బారలు లెక్కపెడుతూ దించి, తగిలాక చేత్తో ఆ తాకిడి చూసి, పైకి తీసి సబ్బుకు అంటినది చూశాడు. ఇసక. నాలుగు తెడ్లు పక్కకు వేసి మళ్ళీ దించాడు. ఈసారి ఏమీ అంటలేదు, సబ్బు మీద గీత పడింది. రాయి. ప్రదర్శనలో లోతు చూపే మిషను ధర రాసిన అట్ట మాకు గుర్తొచ్చింది. ప్రవాహం ఎటు పోతోందో చూసి, దానికి ఎగువన రాయి దించి, దారం రాతి మీదికి వాలేటట్టు గాలం వదిలాడు.

ఈ విద్యకు ఆస్తి పత్రం లేదు. ఆయన పేరున సెంటు భూమి లేదు, తెప్ప మీద అప్పుంది. ఇంజను కొనడానికి డబ్బిచ్చిన సావుకారుకే చేప వెయ్యాలి, అతను చెప్పిందే ధర. పడ్డదాంట్లో ఇంజనుకొక వాటా, వలకొక వాటా తీశాక మిగిలింది మనుషులకు. మిషను కూడా అప్పుమీదే వస్తే దానికీ వాటా తీస్తారు. అందులోని గుర్తులు ఎవరివవుతాయి? పాలికాపు విత్తనం గుర్తు కామందు పుస్తకంలోకి ఎక్కినట్టే.

వేట నేర్పడం ఎటు తిరుగుతుందో చూపించే కథ మన దేశంలోనే జరిగింది. 1953లో కేరళలో కొల్లం దగ్గర నీండకరలో నార్వే నిపుణులు దిగారు. చిన్న వేటగాడి బతుకు బాగుచెయ్యడానికే దిగారు, అందులో అబద్ధం లేదు. మర పడవలు, కొత్త వలలు, ఐసు నేర్పారు. తరవాత రొయ్యకు అమెరికా, జపాన్ మార్కెట్లు తెరుచుకున్నాయి. అడుగంటా ఊడ్చే ట్రాల్ వలలు వచ్చాయి, సముద్రం ఎరగని పెట్టుబడిదారులు బోట్లు కట్టించారు. చిన్నవాడి వలలు తెగాయి. 1980ల్లో కేరళ మత్స్యకారులు వీధుల్లోకి వచ్చి, నిరాహారదీక్షలు చేస్తే, 1988లో వర్షాకాలం ట్రాలింగ్ మీద నిషేధం వచ్చింది.

మన రాష్ట్రంలో 1994 చట్టం ప్రకారం ఒడ్డునుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ వేటగాళ్ళకే వదలాలి. కాగితం మీద బాగుంది. ఇప్పుడు తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, దానికి భృతి 2025లో 20,000 రూపాయలు చేశారు. తాడు లాగే కూలీ పేరు ఏ బోటు మీదా ఉండదు, అతనికి అదీ లేదు. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల మీద తగాదా వచ్చి పడవలు తగలబెట్టుకునేదాకా పోయింది. తగలబడినవి వేటగాళ్ళవే, తగలబెట్టినవాళ్ళూ వేటగాళ్ళే. పనిలేక గుజరాత్ బోట్ల మీద కూలికి పోయిన ఉత్తరాంధ్ర వాళ్ళు 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కి, వాళ్ళలో 20 మంది 2020 జనవరిలో ఇళ్ళకు చేరారు. అల దాటించడం తెలిసినవాళ్ళు, రాయి కనిపెట్టగలవాళ్ళు వాళ్ళంతా.

ఆ రాత్రి పేటలో మాట్లాడుకున్నాం. మిషను వద్దే వద్దని పెద్దవాళ్ళు. కావాలని కుర్రాళ్ళు. ఒక మాట మీదికి రాలేదు. అప్పుడు మనవడు, “తాతా, రాయి సోటు ఎక్కించొద్దు. బోటోడు మన వల తెంపినప్పుడు ఎక్కిద్దాం,” అన్నాడు. 8 కిలోమీటర్ల లోపల పెద్ద బోటు వచ్చి వల కోసేస్తే, పోయి ఫిర్యాదు చేస్తే, ఎక్కడ జరిగిందో చెప్పమంటారు. “పలానా కొండకు నేరుగా” అంటే ఆఫీసులో రాసుకోరు. అంకెలైతే రాసుకోక తప్పదు. పెద్దాయన చాలాసేపు చుట్ట కాల్చి, “అలగైతే తేండి,” అన్నాడు.

పది ఇళ్ళవాళ్ళు చందా వేసి, సావుకారు దగ్గర పైసా తీసుకోకుండా ఒక మిషను కొన్నారు. అది ఒకరి ఇంట్లో ఉండదు, వారానికొకరి దగ్గర. ఒక నోటుపుస్తకం పెట్టారు – తేదీ, వేళ, మిషను చెప్పిన అంకెలు, తెగిన వల ఎన్ని బారలు, బోటు నంబరు కనపడితే అది. నిషేధం మొదలయ్యేలోపు రెండు ఫిర్యాదులు పోయాయి. ఒకదానికి రశీదు ఇచ్చారు. రెండోదానికి ఇవ్వలేదు, దానికోసం మళ్ళీ పోవాలి. జూన్ 14 లోపల వలలు కట్టుకునే పని ఉంది. మా ఊరి నుంచి ముగ్గురు ఆడకూలీలు ముడులు నేర్చుకోవడానికి పేటకు పోతున్నారు. బేరం ముందే తేల్చుకున్నాం, నాటు కూలికి తక్కువ కాకుండా.