పురుగును వెతికితే... రుచి దొరికింది!

ఒకే రకం మొక్క, ఒకే తోట. అయినా ఈ మూల ద్రాక్షతో చేసిన వైన్ అదిరిపోతుంది, ఆ మూలది చప్పగా ఉంటుంది. ఎందుకలా? రహస్యం నేలలో ఉంది. దాన్ని చదవడం మాత్రం ఆకాశం నుంచే తేలిక!

కాలిఫోర్నియాలోని నాపా లోయ రైతులకు ఈ సంగతి ఓ పెద్ద కష్టంలోంచి తెలిసింది. 1980ల్లో అక్కడి తోటల్లో ఫిలోక్సెరా విజృంభించింది. వేళ్లను పీల్చేసే పేనులాంటి పురుగది. తట్టుకుంటుందని నమ్మి నాటిన ఏఎక్స్‌ఆర్‌1 వేరుమూలం చేతులెత్తేసింది. తెగులు కంటికి కనిపించేసరికే వేళ్లు పాడైపోయేవి. ఇక తీగలు పీకి కొత్తవి నాటడమే దారి. అవి కాపుకొచ్చేదాకా మూడు నాలుగేళ్లు రాబడి ఉండదు.

1993లో నాసా శాస్త్రవేత్తలు, రాబర్ట్ మోండవి వైన్ సంస్థ, విశ్వవిద్యాలయ నిపుణులు చేతులు కలిపారు. విమానంలోంచి తోటల్ని ఫొటోలు తీశారు. పచ్చగా, దట్టంగా ఉన్న ఆకులు కంటికి కనిపించని పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతాయి. నీరసించిన తీగ అంతగా పంపలేదు. ఆ తేడాలను కంప్యూటర్ మ్యాపుల్లో రంగులుగా మార్చారు. తోటలో ఏ భాగం నీరసిస్తోందో చూసి, ఎక్కడ ముందు తీగలు మార్చాలో ఆలోచించుకునే వీలు కలిగింది.

అంతటితో ఆగలేదు. ఏపుగా పెరిగిన చోటా, మితంగా పెరిగిన చోటా కాయల్ని విడివిడిగా కోసి వైన్ చేసి చూశారు. మితంగా పెరిగిన తీగలదే మేలైన రుచి! మ్యాపు చూసి కోతలు కోయడం అలా మొదలైంది.