మన్రోలప్ప

నిజాము 1800లో ఇంగ్లీషు కంపెనీకి విడిచిన బళ్లారి, కడప మున్నగు దత్తమండలములయందు రైతులు కొందఱు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరిడిరి. 1800 మొదలు 1807 వఱకు ఆ సీమలకు ప్రధాన కలెక్టరుగను, 1820 మొదలు మద్రాసు గవర్నరుగను ఉండిన సర్ థామస్ మన్రో పేరిది. ఇందు థామస్ స్వనామము. మన్రో స్కాట్లండు దేశపు వంశనామము. తెలుఁగువారికి ఇంటిపేరు పుట్టుకతో వచ్చునదేకాని పెట్టునది కాదు. ఇచ్చట పరదేశీయుని యింటిపేరే బారసాలనాఁటి పేరైనది.

రూపసిద్ధి విచార్యము. మన్రో శబ్దమున లేని లకార మెక్కడిది? గురువులు, దొరలు అనునట్లు గౌరవబహువచనమున మన్రోలు అని, దానిపై అప్ప శబ్దము చేరఁగా ఉత్వసంధిచే మన్రోలప్ప యైనదనవచ్చును. షష్ఠీసమాస మనుట పొసఁగదు. మన్రోల యొక్క అప్ప యన్న నర్థము చెడును. ఆ సీమలో తఱుచుగ వినఁబడు ఓబులప్ప యను నామపు పోలికయు దీనికిఁ దోడుపడియుండును.

కడపసీమవా రతనిని మాండవ్యఋషి యనియుఁ బిలిచిరి. మాండవ్యనది యా సీమదే. ధ్వనిసామ్యమును కొంత కలదు. అల్పాపరాధమునకు అధికదండము విధించిన ధర్మునే శపించిన ఋషి పేరు కలెక్టరునకుఁ దగులుట విచిత్రము.

ఈ యాదరమునకు హేతువు శిస్తు తేలికయగుట కాదు. మన్రో పైమాయిషీ చేయించి నిర్ణయించిన శిస్తు భారమైనదే. 1807లో అతఁడే దానిని నూటికి 25 వంతున తగ్గింపవలెనని వ్రాసెను, పైయధికారు లప్పుడంగీకరింపలేదు. అయినను డేరాలలో నూరూర సంచరించి, మధ్యవర్తి లేక రైతుమాట రైతునోటనే వినెను. పే రా వినుటకుఁ జెల్లినదనుట న్యాయము. అతఁ డణఁచిన పాళెగాండ్ర యిండ్లలో మాత్ర మెవ్వరును బిడ్డ కీ పేరు పెట్టియుండరు!

మన్రో 1827 జూలై 6వ తేదీని పత్తికొండలో విషూచిచే మృతుఁడయ్యెను. పిమ్మట నా పేరు వస్తువులకును సంక్రమించినది. తిరుమలలో నైవేద్యపు గంగాళమును మన్రోగంగాళ మందురు. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి యతనికి దర్శనమిచ్చెనను ఐతిహ్యము వేఱొకటి కలదు. అయితే పేరు వినఁబడిన చోటనెల్ల ఈ మన్రోనే తలఁపరాదు. కొల్లమునొద్ద అష్టముడి సరస్సున కల్లడనది కలియు చోటనున్న మన్రోతురుత్తు, తిరువాన్కూరు రెసిడెంటైన జాన్ మన్రో పేరిటిది. స్కాట్లండులో 3000 అడుగులు మించిన కొండలను మన్రో లనుట, 1891లో వాని పట్టిక ప్రకటించిన హ్యూ మన్రో వలన వచ్చినది.