ఇంటి కాఫీకి గింజలు, పరికరాల ఎంపిక: గోలేటి ప్రాంత కుటుంబాలకు సూచనలు

కొమరం భీం ఆసిఫాబాద్ జిల్లా రెబ్బెన మండలంలోని గోలేటి, సింగరేణి సంస్థ బెల్లంపల్లి ఏరియాకు కేంద్రం. షిఫ్టుల పనివేళలతో నడిచే ఈ బొగ్గు గనుల ప్రాంతంలో చాయ్‌దే పైచేయి అయినప్పటికీ, ఇంట్లో డికాక్షన్ కాఫీ కాచుకొనే కుటుంబాలూ లేకపోలేదు. మంచి కాఫీ కావాలంటే ఖరీదైన యంత్రం ఉండి తీరాలన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. వాస్తవానికి కప్పులోని రుచిని ముందుగా నిర్ణయించేవి గింజ నాణ్యత, వేయించినప్పటి నుంచి గడిచిన కాలం, పొడి చేసిన తీరు. కాచే పరికరం వీటి తరువాతి స్థానంలో ఉంటుంది. కాబట్టి ఖర్చు కూడా ఇదే క్రమంలో జరగడం లాభదాయకం.

గింజల రకాలు

మన దేశంలో వాణిజ్యపరంగా సాగవుతున్న కాఫీ ప్రధానంగా రెండు రకాలు: అరబికా, రోబస్టా. అరబికా ఎత్తైన చల్లని ప్రదేశాలలో పండుతుంది. దీని డికాక్షన్‌లో సువాసన, కొద్దిపాటి పులుపు, తేలికదనం ఉంటాయి. రోబస్టా చిక్కదనాన్ని, నురుగును, చేదును ఇస్తుంది. అరబికాలో కెఫీన్ సుమారు 1.2 శాతం కాగా, రోబస్టాలో సుమారు 2.2 శాతం ఉంటుంది. పాలు ఎక్కువగా కలుపుకొనేవారు అరబికాకు నాలుగో వంతు రోబస్టా చేర్చుకుంటే పాలలోనూ కాఫీ రుచి నిలుస్తుంది. పాలు లేకుండా త్రాగేవారికి అరబికా ఒక్కటే చాలు.

ప్యాకెట్టుపై కనిపించే ‘ప్లాంటేషన్’, ‘చెర్రీ’ అనే మాటలు గింజను పండు నుంచి వేరుచేసిన పద్ధతిని తెలుపుతాయి. పండు తొక్క తీసి, గింజపై జిగురును తొలగించి, కడిగి ఆరబెట్టిన అరబికాను ప్లాంటేషన్ అంటారు. పండును యథాతథంగా ఎండబెట్టి, తరువాత పొట్టు తీసినది చెర్రీ. మొదటిదానిలో రుచి స్వచ్ఛంగాను, రెండవదానిలో బరువుగాను ఉంటుంది. ‘ఎ’, ‘బి’ వంటి అక్షరాలు ముఖ్యంగా గింజ పరిమాణాన్ని సూచిస్తాయి. వాటిని రుచికి కొలమానంగా భావించరాదు. పండులో రెండు గింజలకు బదులు ఒకే గుండ్రని గింజ ఏర్పడితే దానిని పీబెర్రీ అంటారు.

గోలేటి వంటి వేడి ప్రాంతంలో కాఫీ పండదు. అయినా తెలుగు నేలపైనే మేలైన అరబికా లభిస్తున్నది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకు, పాడేరు, చింతపల్లి ప్రాంతాలలో గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో, మిరియాల తీగెలతో పాటు కాఫీని సాగు చేస్తున్నారు. ‘అరకు వ్యాలీ అరబికా’కు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. గిరిజన సహకార సంస్థ ఈ రైతుల నుంచి కాఫీ కొనుగోలు చేసి, పొడిగా కూడా విక్రయిస్తున్నది.

చికోరి లెక్క

చికోరి ఒక మొక్క వేరు. దానిని ఎండబెట్టి, వేయించి, పొడి చేసి కాఫీలో కలుపుతారు. ఇది హానికరం కాదు. దీనిలో కెఫీన్ ఉండదు. నీటిలో కాఫీ కంటే ఎక్కువగా కరుగుతుంది గనుక డికాక్షన్‌కు నల్లని రంగును, చిక్కదనాన్ని ఇస్తుంది. అయితే ఆ చిక్కదనాన్ని కాఫీ బలంగా పొరబడే అవకాశం ఉంది. కాఫీ-చికోరి మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గరాదని, రెండింటి శాతాలను ప్యాకెట్టుపై ముద్రించాలని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి.

ధరలను పోల్చేటప్పుడు ఈ శాతాన్ని లెక్కలోనికి తీసుకోవాలి. ఉదాహరణకు 60:40 మిశ్రమం ఉన్న 200 గ్రాముల ప్యాకెట్టులో కాఫీ 120 గ్రాములు మాత్రమే. దాని ధర 150 రూపాయలు అనుకుంటే, వినియోగదారుడు ప్రతి 100 గ్రాముల కాఫీకి 125 రూపాయలు చెల్లిస్తున్నట్లు. 100 గ్రాముల కల్తీలేని పొడి అదే ధరకు దొరికితే, మిశ్రమం చవక అన్నది భ్రమే. చికోరి రుచి అలవాటైనవారు కాఫీని, చికోరిని విడివిడిగా కొని తమకు నచ్చిన పాళ్లలో కలుపుకోవచ్చు.

తాజాదనం, నిల్వ

వేయించిన గింజ కొన్ని రోజుల పాటు బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. ఆపై గాలిలోని ఆమ్లజని దాని నూనెలను, సువాసన ద్రవ్యాలను క్రమంగా పాడు చేస్తుంది. గింజ రూపంలో అయితే నాలుగైదు వారాలు రుచి నిలుస్తుంది. పొడి చేసినప్పుడు గాలి తగిలే ఉపరితలం అనేక రెట్లు పెరగడం వల్ల వారం, పది రోజులలోనే పరిమళం తగ్గుతుంది. కాబట్టి గడువు తేదీ కంటే వేయించిన తేదీని చూసి కొనడం మేలు.

ఈ జిల్లాలో వేసవి ఉష్ణోగ్రతలు 45 డిగ్రీల వరకు చేరుతాయి. వేడి పెరిగిన కొద్దీ కాఫీ పాతబడే వేగమూ పెరుగుతుంది. గాజు సీసాలో పోసి పొయ్యి దగ్గర గూటిలో ఉంచడం సరికాదు. గాలి చొరని స్టీలు డబ్బాలో, వెలుతురు తగలని చల్లని చోట ఉంచాలి. ఎక్కువ మొత్తం తెప్పించుకున్నప్పుడు వారానికి సరిపడా చిన్న పొట్లాలుగా గాలి చొరకుండా కట్టి ఫ్రీజర్‌లో ఉంచవచ్చు. బయటకు తీసిన పొట్లం గది వేడికి వచ్చిన తరువాతే విప్పాలి. లేకుంటే చెమ్మ పడుతుంది.

కాఫీ వేయించే దుకాణం దగ్గరలో లేనివారికి పచ్చి గింజలు కొనడం మరొక మార్గం. 10-12 శాతం తేమ వరకు ఆరిన పచ్చి గింజలు పొడిచోట నెలల తరబడి నిలుస్తాయి. మందపాటి ఇనుప మూకుడులో ఆపకుండా కలుపుతూ వేయిస్తే గింజలు పసుపు రంగుకు, ఆపై గోధుమ రంగుకు మారి, సుమారు 200 డిగ్రీల వద్ద చిటపటలాడుతాయి. ఈ తొలి చిటపట ముగిశాక మరి కొద్దిసేపటికి దించి, వెంటనే వెడల్పాటి పళ్లెంలో ఆరబోయాలి. పొగ, పొట్టు వస్తాయి గనుక ఆరుబయట చేయడం మంచిది.

పొడి చేసే సాధనం

వేయించిన కాఫీలో నీటికి కరిగే పదార్థం సుమారు 30 శాతం. పొడి బరువులో 18 నుంచి 22 శాతం వరకు రాబట్టినప్పుడు రుచి సమతూకంగా ఉంటుంది. అంతకు తగ్గితే పులుపు, మించితే చేదు, వగరు తలెత్తుతాయి. పొడిలో పలుకులు, ధూళి కలిసి ఉంటే పలుకుల నుంచి తక్కువ, ధూళి నుంచి ఎక్కువ సారం దిగి రెండు లోపాలూ ఒకే కప్పులో చేరుతాయి. మిక్సీ బ్లేడు గింజను నరుకుతుంది గనుక ఇటువంటి పొడి వస్తుంది. రెండు పళ్ల చక్రాల మధ్య నలిపే బర్ గ్రైండరులో పలుకులన్నీ దాదాపు ఒకే పరిమాణంలో వస్తాయి. చేతితో తిప్పే చిన్న బర్ గ్రైండరు ఎస్ప్రెసో యంత్రం ధరలో కొద్దిపాటి వంతుకే లభిస్తుంది. రుచికి అది చేసే మేలు మాత్రం చాలా ఎక్కువ.

మిక్సీ తప్ప మరొకటి లేనప్పుడు కొద్ది గింజలు మాత్రమే వేసి, మూడు నాలుగు సెకన్ల చొప్పున ఆపి ఆపి తిప్పుతూ, మధ్యలో జారును కుదపాలి. ఏకధాటిగా తిప్పితే పొడి వేడెక్కి పరిమళం పోతుంది.

కాచే పరికరం

పాలతో త్రాగే ఇంటికి స్టీలు ఫిల్టరును మించిన సాధనం అవసరం లేదు. విద్యుత్తు అక్కరలేదు, ఏళ్ల తరబడి మన్నుతుంది. దీనికి పొడి బొంబాయి రవ్వ కంటే సన్నగా, పిండి కంటే బరకగా ఉండాలి. పై గిన్నెలో 20 గ్రాముల పొడి వేసి, సమంగా పరచి, తేలికగా మాత్రమే అదిమి, మరిగించి అర నిమిషం ఆగిన నీరు 120 మిల్లీలీటర్లు పోయాలి. పొడి తన బరువుకు రెట్టింపు నీటిని పీల్చుకుంటుంది గనుక సుమారు 80 మిల్లీలీటర్ల డికాక్షన్ దిగుతుంది. ఇది రెండు మూడు కప్పులకు సరిపోతుంది. చలికాలంలో ఫిల్టరును ముందుగా వేడినీటితో తొలిపితే నీటి వేడి తగ్గకుండా ఉంటుంది.

డికాక్షన్ దిగే సమయమే పొడిపై తీర్పు చెబుతుంది. పావుగంటకు అటూ ఇటుగా దిగితే సరైనది. నాలుగైదు నిమిషాలకే దిగితే పొడి బరకగా ఉన్నట్లు. అరగంటకూ దిగకపోతే మరీ సన్నగా ఉండడమో, గట్టిగా అదమడమో, రంధ్రాలు పూడుకుపోవడమో కారణం. డికాక్షన్‌ను మళ్లీ మరిగించరాదు. వేడి పాలలో కలపాలి.

పాలు లేకుండా త్రాగేవారికి ఫ్రెంచ్ ప్రెస్ అనువైనది. ఇడ్లీ రవ్వంత బరక పొడిని లీటరు నీటికి 60 గ్రాముల చొప్పున వేసి, నాలుగు నిమిషాల తరువాత వంచుకోవాలి. ఎస్ప్రెసో యంత్రానికి చాలా సన్నని, సమమైన పొడి కావాలి. తగిన గ్రైండరు లేకుండా ఆ యంత్రాన్ని కొంటే డబ్బు వృథా అవుతుంది.

నీరు

కప్పులో అధికభాగం నీరే. లవణాలు ఎక్కువగా ఉన్న బోరు నీరు కాఫీలోని పులుపును, పరిమళాన్ని అణచివేస్తుంది. ఫిల్టరు రంధ్రాలలో సున్నం పేరుకుంటుంది. లవణాలు దాదాపుగా తొలగించిన నీటిలో రుచి చప్పబడుతుంది. లీటరుకు 75 నుంచి 250 మిల్లీగ్రాముల లవణాలు ఉన్న తాగునీరు అనుకూలం. పేరుకున్న సున్నాన్ని నిమ్మరసం కలిపిన వేడినీటిలో ఫిల్టరును నానబెట్టి తొలగించవచ్చు.

షిఫ్టు కార్మికులు గమనించవలసినది

శరీరంలో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. రాత్రి షిఫ్టు ముగిసే వేళకు త్రాగిన కాఫీ ఇంటికి వచ్చాక పగటి నిద్రను చెడగొడుతుంది. గనిలో నిద్రలేమి ప్రమాదకరం కాబట్టి కాఫీని షిఫ్టు మొదటి సగానికే పరిమితం చేసుకోవడం, రోబస్టా పాలు తక్కువగా ఉన్న పొడిని వాడడం మంచిది.

ఖర్చు క్రమం

పరిమిత బడ్జెట్ గల కుటుంబం మొదట వేయించిన తేదీ, చికోరి శాతం, పండిన ప్రాంతం స్పష్టంగా ముద్రించిన కాఫీని తక్కువ మొత్తాలలో కొనడం అలవరచుకోవాలి. తరువాత స్టీలు ఫిల్టరు, ఆపై చేతి గ్రైండరు సమకూర్చుకోవాలి. యంత్రం గురించిన ఆలోచన చివరిది. ఈ క్రమం వల్ల లాభం వినియోగదారునికే పరిమితం కాదు. బాగా పండిన ఎర్రని పండ్లను మాత్రమే ఏరి కోయడానికి రైతు ఒకే చెట్టు వద్దకు పలుమార్లు వెళ్లవలసి ఉంటుంది. కొనేవారు గింజ మంచిచెడ్డలను గుర్తించి అడిగినప్పుడే ఆ అదనపు శ్రమకు తగిన ధర మన్యం రైతుకు దక్కుతుంది.