కీమో ఇంటికొచ్చింది... మరి నర్సెవరు?

"అమ్మాయ్, ఇంక నన్నక్కడ పడుకోబెట్టకండి" అన్నారు అత్తయ్య, వార్డులో రెండు రాత్రులు గడిపి వచ్చాక. పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషనైంది. రెండు వారాలకోసారి కీమో తప్పదు.

డాక్టరుగారు వేరే దారి చెప్పారు. కొన్ని మందులు ఆస్పత్రిలోనే ఎక్కించాలి, వికటిస్తే చూసే మనుషులు పక్కనుండాలి కదా! ఫ్లోరోయురాసిల్ మాత్రం 46 గంటలపాటు నెమ్మదిగా ఎక్కాలి. దానికి చిన్న ప్లాస్టిక్ సీసాలాంటి పంపు. లోపల మందు నింపిన బెలూన్. కరెంటక్కర్లేదు. బెలూన్ ముడుచుకుంటూ, ఛాతీ దగ్గర చర్మం కింద అమర్చిన పోర్టులోకి మందును పంపుతుంది. పూర్తయ్యాక నర్సు తీసేస్తుంది.

సంచీ భుజాన తగిలించుకుని అత్తయ్య మల్లెమొక్కలకి నీళ్లు పోస్తుంటే నా కళ్లు చెమర్చాయి. కానీ జీతం, సెలవు లేని నర్సు ఉద్యోగం నాకొచ్చింది! సూది దగ్గర వాపుందా, మంటుందా చూడాలి. మందు కారితే గ్లవ్స్ తొడుక్కుని, గొట్టానికి క్లిప్పు వేసి, ఆస్పత్రికి ఫోన్ చేయాలి. మందు ఆగాక కూడా రెండ్రోజులు, బాత్రూంలో మూత మూసి రెండుసార్లు ఫ్లష్ చేయాలి. వాంతులైన బట్టలు విడిగా ఉతకాలి.

మూడో విడతైన పదో రోజు, రాత్రి పదకొండుకి చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. జ్వరం 101!

"సాయంత్రం నుంచీ చలిగానే ఉంది. నువ్వలిసిపోయి పడుకున్నావని చెప్పలేదమ్మా."

కీమోతో తెల్లకణాలు తగ్గుతాయి. 100.4కి చేరితే వెంటనే ఆస్పత్రికి రావాలి, మాత్ర వేసి తెల్లారేదాకా చూడొద్దని ముందే చెప్పారు. ఆటోలో పరుగెత్తాం. నాలుగు రోజులు యాంటీబయాటిక్స్ ఎక్కించాక గండం గడిచింది.

నా అలసట చూసి ఆవిడ జ్వరం దాచుకున్నారన్న మాట నన్ను తినేసింది. మావారిని కూర్చోబెట్టి అడిగేశాను: "అమ్మ జ్వరం కొడుకు చూడకూడదా?" ఆ రోజునుంచి రాత్రి కాపలా ఆయనది. థర్మామీటర్ చూసి గోడమీది కాగితంలో రాయడం మా అబ్బాయి పని. పగలు నాది.

మీ ఇంట్లోనూ ఇలాంటి అవసరమొస్తే, సరేననే ముందు డాక్టర్నడగండి: రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి? ఏం కనిపిస్తే పరుగెత్తాలి? తర్వాత ఇంట్లోవాళ్లనీ అడగండి: ఎవరి వంతు ఎప్పుడు?

ఇంట్లో కీమో వరమే. అయితే ఆ ఇంట్లో ఇల్లాలితోపాటు మిగతావాళ్లు కూడా ఉండాలి!