నూరు శాతం డివిడెండ్... చేతికొచ్చేది ఎంత?

"నూటికి నూరు శాతం డివిడెండ్ ఇచ్చారంట వదినా! బ్యాంకులో ఏడు శాతం వస్తుందని మనం మురిసిపోతున్నాం!"

నంద్యాలలో చీటీ పాట దగ్గరైనా, పెళ్లి భోజనాల దగ్గరైనా ఇలాంటి మాటలు వినబడుతూనే ఉంటాయి. అమ్మాయి పెళ్లికని దాచిన ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసేసి షేర్లు కొందామా అన్న ఆలోచన ఇలాంటి మాట దగ్గరే మొదలవుతుంది. అందుకే ఆ 'నూరు శాతం' ముడి ఒకసారి విప్పి చూద్దాం.

శాతం దేని మీద?

ప్రతి షేరుకూ రెండు ధరలుంటాయి. ఒకటి కంపెనీ నిర్ణయించిన ముఖ విలువ. రెండోది బజారులో పలికే ధర. డివిడెండ్ శాతం లెక్కగట్టేది ముఖ విలువ మీదే.

మనకు తెలిసిన హెరిటేజ్ ఫుడ్స్‌నే తీసుకోండి. నారా చంద్రబాబు నాయుడు 1992లో స్థాపించిన ఈ పాల కంపెనీ 1994లో పబ్లిక్ ఇష్యూకి వచ్చింది. పది రూపాయల ముఖ విలువ ఉన్న షేరును 2017లో రెండు ఐదు రూపాయల షేర్లుగా విడగొట్టారు. 2021-22 సంవత్సరానికి షేరుకు 5 రూపాయల డివిడెండ్ ఇచ్చారు. ఐదుకి ఐదు... నూరు శాతమే! కానీ అదే షేరును 300 రూపాయలు పెట్టి కొన్నావిడ ఉందనుకోండి, ఆమెకు గిట్టింది నూటికి రూపాయి అరవై ఏడు పైసలే.

మరుసటి ఏడు డివిడెండ్ రెండున్నర రూపాయలే. "అయ్యో, సగానికి తగ్గించేశారే!" అనిపిస్తుంది కదూ? అసలు సంగతి వేరు. 2023 మొదట్లో ఒక్కో షేరున్న వాళ్లకు ఇంకో షేరు ఐదు రూపాయలకే ఇచ్చారు. దాంతో 4.64 కోట్ల షేర్లు 9.28 కోట్లయ్యాయి. మొత్తం పంచింది రెండేళ్లూ దాదాపు 23 కోట్లే. రొట్టె అదే, ముక్కలే ఎక్కువయ్యాయి.

పాల బోనస్‌కి చుట్టమే

ఆళ్లగడ్డలో గేదెలు పెట్టుకున్న మా పిన్నికి ఈ లెక్క చెబితే, "అంతేనామ్మా, పాల కేంద్రంలో ఇచ్చే బోనస్ లాంటిదే కదా! మిగిలితే ఇస్తారు, మిగలకపోతే లేదు" అని ఒక్క మాటలో తేల్చేసింది. చాలావరకు నిజమే. కాకపోతే సహకార సంఘంలో బోనస్ పోసిన పాలను బట్టి వస్తుంది, కంపెనీలో డివిడెండ్ ఉన్న షేర్లను బట్టి వస్తుంది.

బ్యాంకు వడ్డీ అలా కాదు. అది మనకు రాసిచ్చిన మాట. డివిడెండ్‌కి అలాంటి మాటేమీ లేదు. ఎంత ఇవ్వాలో డైరెక్టర్ల బోర్డు చెబుతుంది, ఏడాది చివరి డివిడెండ్‌కి వాటాదారుల సమావేశం ఒప్పుకోవాలి.

మ్యాగీ గొడవ గుర్తుందా? 2015 జూన్‌లో నూడుల్స్ మీద నిషేధం వచ్చింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. నవంబరులో ప్యాకెట్లు మళ్లీ కొట్లలోకి వచ్చాయి. ఆ ఏడాది నెస్లే ఇండియా లాభం దాదాపు సగానికి పడింది. అంతకుముందు ఏడు షేరుకు 63 రూపాయలిచ్చిన కంపెనీ, 2015కి 48 రూపాయల 50 పైసలిచ్చింది. అంత పేరున్న కంపెనీకే ఆ ఒడిదుడుకులు తప్పలేదు!

లాభం పెరిగితే డివిడెండ్ పెరుగుతుందా?

పెరగాలని లేదు. హెరిటేజ్ లాభం 2023-24లో సుమారు 106 కోట్లయితే, 2024-25లో సుమారు 188 కోట్లు. డివిడెండ్ రెండేళ్లూ షేరుకు రెండున్నరే. 2024 జూన్ ఎన్నికల ఫలితాల తర్వాత షేరు ధర ఒక్కసారిగా ఎగసినా డివిడెండ్ కదల్లేదు. లాభంలో ఎంత పంచాలి, వ్యాపారం పెంచడానికి ఎంత ఉంచుకోవాలి అన్నది కంపెనీ విధానం. మార్కెట్ విలువలో మొదటి వెయ్యి కంపెనీలు ఈ విధానాన్ని తమ వెబ్‌సైట్‌లో పెట్టాలని 2021లో సెబీ నియమం తెచ్చింది. కొనే ముందు ఇంట్లో పిల్లల చేతైనా తీయించి చదవండి. ఒక్క ఏడాది అంకె చూసి మోజుపడకుండా, కనీసం ఐదారేళ్ల చరిత్ర చూడండి. మధ్యలో షేర్లు విడగొట్టారా, బోనస్ షేర్లిచ్చారా అన్నదీ అడగండి.

పెట్టె అడుగున కాగితాలు

ఎన్నో ఇళ్లలో నాన్నగారో, మామగారో కొన్న షేరు సర్టిఫికెట్లు పట్టుచీరల కింద మూలుగుతుంటాయి. ఆయన పోయాక ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఏడేళ్లు తీసుకోని డివిడెండ్ కేంద్ర ప్రభుత్వపు మదుపుదారుల రక్షణ నిధికి వెళ్లిపోతుంది. వరసగా ఏడేళ్లు తీసుకోకపోతే షేర్లు కూడా అక్కడికే! అయితే అంతటితో పోయినట్టు కాదు. వారసులు ఐ.ఇ.పి.ఎఫ్.-5 అనే ఫారం పెట్టుకుని తిరిగి తెచ్చుకోవచ్చు. కాగితం షేర్లను 2019 ఏప్రిల్ నుంచి డీమాట్ చేస్తేనే అమ్మగలం. కాబట్టి ఈ వారమే పెట్టె తీసి చూడండి. నామినీ పేరు ఉందా, బ్యాంకు ఖాతా నంబరు, చిరునామా సరిగ్గా ఉన్నాయా సరిచూసుకోండి.

పన్ను సంగతీ మరవొద్దు. 2020 ఏప్రిల్ నుంచి డివిడెండ్ మన ఆదాయంలోనే కలుస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఒక కంపెనీ ఏడాదిలో ఇచ్చేది పదివేలు దాటితే పది శాతం ముందే పట్టుకుంటారు. పాన్ ఇవ్వకపోతే ఇంకా ఎక్కువ.

షేర్లు కొనొద్దని కాదు నేననేది. నెలనెలా ఇల్లు గడవడానికీ, ఫలానా తేదీకి కావాల్సిన పెళ్లి ఖర్చుకీ డివిడెండ్‌ని నమ్ముకోకూడదు. ఆ డబ్బు వడ్డీ వచ్చే చోటే ఉండనివ్వండి. అవి పోను మిగిలిన దానితో, ఓపిక ఉంటే షేర్లు కొనండి. "నూరు శాతం" అని ఎవరైనా అంటే మాత్రం, "దేని మీద నూరు శాతం?" అని అడిగాకే పర్సు తీయండి!